గాలికి వ్రాయదగిన పద్దు

మానవుడు తలపెట్టిన పని తప్పిపోయినపుడు ఆ తప్పులో తన చేతిది ఎంత, తన వశములో లేని శక్తులది ఎంత అను ప్రశ్న క్రొత్తది కాదు. పెద్దలు దీనిని దైవము, పురుషకారము అను పేర్లతో విచారించిరి. విచారణ ఎంత పాతదైనను ప్రతి గృహస్థుడును తన యింట దానిని మరల మొదటినుండి జరుపుకొనవలసినదే. కుమార్తె సంబంధము తప్పిపోయినను, దుకాణము దివాలా తీసినను, పిల్లవాడు పరీక్ష తప్పినను మనము వెంటనే మనస్సులో ఒక పద్దు వ్రాసికొందుము. "ఇది మన లోపము" అనియో, "ఇది కాలవైపరీత్యము" అనియో. ఈ పద్దును సరిగా వ్రాయువారు అరుదు. కొందరు సమస్తమును తమ ఖాతాలోనే వ్రాసికొని క్రుంగిపోవుదురు. ఎక్కువమంది సమస్తమును కాలము ఖాతాలో వ్రాసి హాయిగా నిద్రపోవుదురు.

ఈ విషయమున శాస్త్రచర్చ చేయుటకు మాకు పాండిత్యము లేదు. మేము చదివినది మెట్రిక్యులేషను వరకే. లింగిచెట్టి వీథిలో ఒక సరకు రవాణా కార్యాలయమున ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగా చిట్టా, ఆవర్జా వ్రాసి విరమించినవారము. అయినను పద్దు వ్రాయుట మా వృత్తి. ఆ పద్దును సరిగా వ్రాయు విధానమొకటి మేము అనుకొనని చోట, అనగా పిస్తోలు గురి సాధన చేయు మైదానమున, మాకు కనబడినది. దానిని సంఘసభ్యుల ముందుంచ సాహసించుచున్నాము.

పిస్తోలు అనగానే మన యిండ్లలోని పెద్దముత్తయిదువలు కనుబొమలు ముడివేయుదురని యెరుగుదుము. కాని జార్జిటౌను వాసులకు గురికిని గుండుకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనిరి. 1758-59లో మరల ముట్టడించిరి. కోటకు ఆనుకొనియున్న పాత బ్లాక్ టౌను ఇండ్లు శత్రువునకు చాటు కల్పించుచున్నవని వానిని పడగొట్టి, కోట ఫిరంగులకు అడ్డు లేకుండ మైదానము విడిచిరి. నేడు హైకోర్టు నిలిచిన నేల అదియే. ఆ మేర దాటి ఎవరును ఇల్లు కట్టరాదని 1773లో సరిహద్దు స్తంభములు నాటిరి. వానిలో ఒకటి నేటికిని ప్యారీస్ కార్నరున డేర్ హౌస్ ప్రక్కన నిలిచియున్నది. దాని నీడలో బస్సుకై వేచియుండువారిలో నూటికి తొంబదిమంది అది ఏమియో అడుగరు. మన పూర్వులైన దుబాసీలు, బట్టల వర్తకులు, గుమాస్తాలు ఫిరంగి గురికై విడిచిన ఖాళీకి ఆవల, ఆ గీత గీచి చూపిన చోట, కాపురములు పెట్టినవారు.

ఇక మా సంగతి. మా కుమార్తె కొడుకు కళాశాలలో చదువుచు పిస్తోలు గురి నేర్చుకొనెను. మొదట 10 మీటర్ల దూరమున గాలి తుపాకితో, నాలుగు గోడల నడుమ. పిదప 50 మీటర్ల దూరమునకు మారెను. దీనికి .22 తూటా కాల్చు పిస్తోలు కావలెను. అది 1959 నాటి ఆయుధ చట్టము క్రింద లైసెన్సు లేనిదే ముట్టరాని వస్తువు. కనుక పిల్లవాని వెంట పెద్దలెవరైన ఉండిన మేలని మా అల్లుడు భావించి, పని లేనివారము మేమే గనుక, మమ్ము పంపెను. నగరమునకు వెలుపల, సముద్రమునకు కొన్ని మైళ్ళ దూరమున, మూడు ప్రక్కల మట్టికట్టలు పోసిన మైదానమది. అచ్చట మా పని వెనుక కుర్చీలో కూర్చుండి, మూడుకాళ్ళ పీటపై అమర్చిన దుర్భిణిలో టార్గెట్టు కాగితము చూచి, ప్రతి గుండును ఎచ్చట తాకినదో నోటుబుక్కులో వ్రాయుట. గుమాస్తాకు తగిన పనియే.

50 మీటర్ల పిస్తోలు పోటీలో కాల్చువాడు నిలుచుండి, ఒక్క చేతితో, ఏ ఆనికయు లేక కాల్చవలెను. కాగితముపై నడుమనున్న పది మార్కుల వలయము అడ్డముగా 50 మిల్లీమీటర్లు. మన యిండ్లలో నిత్యపూజకు వాడు చిన్న కుంకుమ భరిణె మూత వంటిది. దాని చుట్టును ఒక్కొక్క వలయమునకు 25 మిల్లీమీటర్ల చొప్పున మార్కులు తగ్గుచు పోవును. తూటా బరువు రెండున్నర గ్రాములకు కొంచెము ఎక్కువ. పిస్తోలు విడిచి కాగితము చేరుటకు దానికి సెకనులో ఆరవ వంతు పట్టును. ఇంత స్వల్పకాలములో గాలి దానిని ఏమి చేయగలదని మేమును మొదట అనుకొంటిమి. లెక్క చూడగా, గంటకు 16 కిలోమీటర్ల వేగముతో ప్రక్కనుండి వీచు గాలి, అనగా చెట్టు చిన్నకొమ్మలు కదలునంతటి గాలి, ఆ గుండును ఇంచుమించు 3 సెంటీమీటర్లు తొలగించును. పది వలయపు నడిబొడ్డునకు గురి పెట్టి, చేయి వణకక, ఊపిరి కదలక విడిచిన గుండు తొమ్మిదిలో పడును. దూరము రెట్టింపైనచో ఈ తొలగుట రెట్టింపుతో ఆగదు, ఇంచుమించు నాలుగింతలగును. అందుచేత దూరపు గురి సాధనమంతయు గాలి సాధనమే యని అచ్చటి కోచ్ చెప్పుచుండెను.

గాలి ఎదురుగా గాని వెనుకనుండి గాని వీచినచో హాని స్వల్పము. ముప్పది డిగ్రీల వాలున వచ్చినది సగము పని చేయును. సరిగా ప్రక్కనుండి వచ్చినది పూర్తి పని చేయును. ఇంకొక విచిత్రము. గొట్టములోని మెలికలు గుండును కుడివైపునకు త్రిప్పునవైనచో, కుడిగాలి దానిని ఎడమకు త్రోయుటయే గాక ఒకింత పైకెత్తును. ఎడమగాలి కుడికి త్రోసి ఒకింత దించును. ఇవన్నియు ఒక ప్రక్క. గాలి కాల్చువానిని గూడ త్రోయును. చాచిన చేతిని ఊపును, చొక్కాను ఎగురవేయును, నిలుకడను చెరచును. గుండుపై పడిన గాలికి లెక్క కలదు. మనిషిపై పడిన గాలికి లెక్క లేదు. మా పరిశీలనలో ఈ రెండవదియే ఎక్కువ మార్కులు తినివేసినది.

ఈ గాలిని చూచుట యెట్లు? 50 మీటర్ల రేంజిలో కాల్చువానికి 10 మీటర్ల దూరమున ఒకటి, 30 మీటర్ల దూరమున ఒకటి చొప్పున సన్నని గుడ్డ జెండాలు కట్టుదురు. బెత్తెడు వెడల్పు కూడ లేని గుడ్డపేలికలవి, 400 మిల్లీమీటర్ల పొడవు. దగ్గరి జెండాకే ఎక్కువ విలువ ఇయ్యవలెను. ఆరంభమున పడిన వంకర దారి పొడుగునను పెరుగును గదా. రెండు జెండాలు రెండు దిక్కులకు ఎగురు రోజులును కలవు. ఆ రోజులలో మా మనుమడు పిస్తోలు బల్లపై పెట్టి నీళ్ళు త్రాగుచుండును.

జెండాకన్న సూక్ష్మమైన సాక్షి యింకొకటి కలదు. అది ఎండమావి. మన కవులు, వేదాంతులు ఎండమావిని భ్రాంతికి మారుపేరుగా వాడి వాడి దానికి చెడ్డపేరు తెచ్చిరి. దుర్భిణిని లక్ష్యమునకు కొంచెము ఇవతల స్ఫుటముగా నిలిపి చూచినచో, వేడి నేలపై గాలి పొరలు ఏటినీటివలె పారుచు కనబడును. ఎడమకు పారినచో గాలి ఎడమకు వీచుచున్నది. నిట్టనిలువుగా కాగునీటివలె ఉడికినచో ప్రక్కగాలి లేదు. గాలి బలమైనచో ఎండమావి చదునై కనుమరుగగును, అపుడు జెండాయే గతి. నీరున్నదను విషయమున ఎండమావి అబద్ధము చెప్పునేమో గాని, గాలి విషయమున దాని సాక్ష్యము నమ్మదగినది. ఏ సాక్షిని ఏ ప్రశ్న అడుగవలెనో తెలిసికొనుట వ్యాజ్యములలో ఎంత అవసరమో ఇచ్చటను అంతే.

చెన్నపట్టణపు గాలి స్వభావమును మన ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. హార్బరులో ఎగురవేయు తుపాను సంకేతపు సంఖ్య విని వడియములు ఎండబెట్టుటయో మానుటయో నిర్ణయించుకొన్న గృహిణులు మన వీథులలో పెరిగినవారే. వేసవిలో తెల్లవారుజామున గాలి నిలిచియుండును. ఎండ ముదిరిన కొలది పడమటిగాలి పొడిగా వీచును. 12 గంటలకో, ఒంటిగంటకో తూర్పునుండి సముద్రపుగాలి వచ్చి క్షణములో దిక్కు మార్చివేయును. ఇచ్చటనే మేమొక లోకరీతిని గమనించితిమి. రేంజికి వచ్చు పిల్లలలో అనేకులు ఉదయము 6 గంటలకు వచ్చి, గాలి లేని రెండు గంటలలో చక్కగా కాల్చి, మంచి మార్కులు వ్రాసికొని పోవుదురు. పోటీ మధ్యాహ్నమున పడినచో "ఇవాళ గాలి చెరిచింది" అందురు. గాలి ఎన్నడు వచ్చునో గడియారము చూచి చెప్పగల ఊరిలో, ఆ గడియను తప్పించుకొని ఏడాది పొడవున సాధన చేసి, తుదకు దానిని నిందించుట ఎంతవరకు న్యాయము? మా మనుమడు కోచ్ ఆజ్ఞపై వారమున మూడు దినములు ఒంటిగంటకు పోవుచుండెను. కుర్చీలో మా తల మాడుచుండెను. అది వేరు సంగతి.

ఇచ్చట ద్రోణాచార్యుల పరీక్ష జ్ఞప్తికి రాక మానదు. చెట్టుపై పక్షిని చూపి ఏమి కనబడుచున్నదని అడుగగా, తక్కినవారు చెట్టును, కొమ్మలను, అన్నదమ్ములను చెప్పిరి. అర్జునుడొక్కడు పక్షి శిరస్సు తప్ప మరేమియు కనబడదనెను. ఈ కథను మనము పిల్లలకు ఏకాగ్రతకై చెప్పుదుము, చెప్పవలసినదే. కాని గాలి వీచు మైదానమున పక్షి శిరస్సు మాత్రమే చూచువాడు గురి తప్పును. వాడు ఆకుల కదలిక చూడవలెను. గడ్డి వాలు చూడవలెను. అంతేకాదు, పిస్తోలు కాల్చువాడు తుది క్షణమున లక్ష్యమును కూడ స్పష్టముగ చూడడు. మానవుని కన్ను ఒకేసారి దగ్గరి వస్తువును దూరపు వస్తువును స్ఫుటముగ చూడలేదు గనుక, వాని చూపు గొట్టము చివరనున్న ముందు సైటుపై నిలువవలెను. లక్ష్యము మసకగా నుండుటయే సరియైన పద్ధతి. కనుక చూపులు మూడు. మొదట లోకమును చూచుట. పిదప లక్ష్యమును చూచి నిర్ణయించుట. తుదకు రెంటిని విడిచి తన చేతిలోనిదానిని చూచుట. మొదటి చూపు వేళ మూడవ చూపు చూచువాడు మూఢుడు. మూడవ చూపు వేళ మొదటిదానికి మరలువాడు పిరికివాడు. అర్జునుడు గురువు అడుగకముందే ఆకులను చూచియుండునని మా విశ్వాసము.

గాలి తెలిసిన పిమ్మట చేయదగినవి రెండు. తొలగునంత మేర ఎదురు ప్రక్కకు గురి జరుపుట ఒకటి, తనకు తెలిసిన గాలి మరల వచ్చువరకు వేచియుండుట రెండవది. మొదటిదానిని గూర్చి మాకొక ధర్మసందేహము పుట్టినది. లక్ష్యమును కొట్టుటకు లక్ష్యమును విడిచి ప్రక్కకు గురిపెట్టుట ఆర్జవమగునా? మనస్సొకటి, చూపొకటి కాదా? కొన్ని వారములు ఆలోచించి చూడగా ఇందు వంచన యేమియు కనబడలేదు. వంచనలో మన గమ్యము ఇతరులకు దాచబడును. ఇచ్చట గమ్యము మారలేదు, దారిలోని ప్రవాహమును ఒప్పుకొనుట మాత్రమే జరిగినది. గోదావరిపై పడవ నడుపువాడు ఆవలి రేవునకు ఎగువన మొగము పెట్టి పడవ త్రోయును. వానిని కపటి అనువారు లేరు. వేచియుండుటకు మాత్రము హద్దు కలదు. పరీక్షగుండ్లకు 15 నిమిషములు, పిదప 60 గుండ్లకు 90 నిమిషములు అని నియమము. మంచిగాలికై కూర్చున్నవాని సమయము మంచిగాలికై ఆగదు.

ఇక అసలు విషయము. ఆ మైదానమున మమ్ము ముగ్ధులను చేసినది మార్కులు గావు, ఒక చిన్న ఆచారము. గుండు విడిచిన వెంటనే, కాగితము వైపు గాని దుర్భిణి వైపు గాని చూడకముందే, కాల్చినవాడు అది ఎచ్చట తాకియుండునో నోటితో చెప్పవలెను. దీనిని వారు షాటును "కాల్" చేయుట అందురు. ట్రిగ్గరు విడిన క్షణమున ముందు సైటు ఎచ్చట నుండెనో కన్ను పట్టియుండును. దానిని బట్టి చెప్పవలెను. "ఎనిమిది, ఎడమ, కింద" అని పిల్లవాడు చెప్పును. మేము దుర్భిణిలో చూతుము. ఎనిమిది, ఎడమ, క్రిందనే ఉన్నచో ఆ తప్పు చేతిది. సందేహము లేదు. "పది" అని చెప్పి, అది కుడి తొమ్మిదిలో కనబడినచో, జెండా కూడ కుడికి ఎగురుచుండినచో, అది గాలిది.

ఈ ఆచారములోని నీతి సూక్ష్మమైనది. ఫలము చూచిన తరువాత చెప్పు కారణమునకు విలువ లేదు. ఫలము చూచిన మనస్సు కారణములను అల్లుటలో సాలెపురుగును మించినది. పది పడినచో తన నేర్పనును, ఏడు పడినచో గాలి యనును. అదే మనస్సును ఫలము చూడకముందు అడిగినచో దానికి అల్లుటకు నూలు దొరకదు. అపుడది నిజము చెప్పును, లేదా తెలియదనును. గుమాస్తాల భాషలో చెప్పవలెనన్న, రోకడ నిలువ లెక్కపెట్టకముందే చిట్టాలో నిలువ తేల్చి సంతకము చేయుటవంటిది. సొమ్ము లెక్కించి దానికి సరిపడునట్లు చిట్టా దిద్దువాడు ఎన్నడును పట్టుబడడు. కాని వాని చిట్టాకు చిట్టా అను పేరు తగదు.

మేము నోటుబుక్కులో రెండు వరుసలు గీచితిమి. ఒకటి చేతి ఖాతా, రెండవది గాలి ఖాతా. మొదటి మాసమున పిల్లవాడు ఇంటికి వచ్చి అమ్మతో చెప్పిన మాటలకును మా పుస్తకమునకును పొత్తు కుదరలేదు. వాడు "అంతా గాలేనమ్మా" అనెను. పుస్తకము ప్రకారము తగ్గిన మార్కులలో మూడింట రెండు వంతులు వాడు తానే ముందుగా ఎడమ అనియో క్రింద అనియో చెప్పినవి. పుస్తకము చూపితిమి. వాడు కోపగించుకొని భోజనము చేసి పడుకొనెను. మరునాడు తానే పుస్తకమడిగి తీసికొనెను.

దైవపురుషకారముల విషయమున పెద్దల మాటలు రెండు ఇచ్చట స్మరింపదగినవి. భారతమున ఆనుశాసనిక పర్వమున ఈ రెంటిలో ఏది బలీయమని ధర్మరాజు భీష్ముని అడిగెను. పురుషకారము పొలము, దైవము విత్తనము, రెండును కలిసిననే పంట యని తాత్పర్యము. రోమునగరపు సిసెరో క్రీ.పూ. 45లో వ్రాసిన గ్రంథమున కేటో అను పెద్దమనిషి నోట విలుకాని ఉపమానమొకటి పలికించెను. సూటిగా కొట్టుటకు తాను చేయగలదంతయు చేయుటయే విలుకాని పరమార్థము, లక్ష్యము తాకుట కోరదగినదే గాని అదియే పరమార్థము గాదు అని. గీతను నమ్మిన మనకు ఈ మాట పరాయిది గాదు. పూర్వులు రెండు దేశములలో ఒకే మాట చెప్పుటకు వచ్చినారన్న ఆనందమును మేమును పొందితిమి.

కాని మైదానమున కూర్చుండి చూచినవారికి ఒక వెలితి తోచును. మన వశములోనిది, వశములో లేనిది అని లోకమును రెండుగా చీల్చి, రెండవదానిని దైవమునకు అప్పగించి చేతులు కడిగికొనుట తేలిక. గాలి మన వశములో లేదు, నిజమే. గాలిని చూచుట మన వశములో ఉన్నది. ఈ నడిమి భాగము, అనగా ఆపలేము గాని తెలిసికొనగలము అనునది, చాల పెద్దది. జీవితములో మనము విధి అని పిలుచునదానిలో సగము దీనిలోనిదే యని మా అభిప్రాయము. రైతు వానను ఆపలేడు. మబ్బు చూడని రైతును మాత్రము వాన పాడుచేసెనని అనలేము. విలుకాడు చేయగలదంతయు చేయుటలో జెండాను చూచుట కూడ చేరును. చూడక తప్పినది చేతి ఖాతాలోనే పడవలెను. గాలికి వ్రాయదగినది చూచియు తెలియనిదానిని మాత్రమే. ఈ నియమము పెట్టుకొన్న పిదప గాలి ఖాతా ఆశ్చర్యకరముగ చిన్నదైపోయెను.

లోకము మాత్రము గాలినే తీసివేయ నిర్ణయించుకొన్నట్లున్నది. గాలిలో కాల్చు 50 మీటర్ల పిస్తోలు పోటీ 1900 నుండి నడుమ కొన్ని సారులు తప్ప ఒలింపిక్సులో ఉండుచు వచ్చి, 2016 రియోతో ముగిసినది. దానిని తొలగించి, స్త్రీపురుషులు జంటగా పాల్గొను పోటీలకు చోటిచ్చిరి. స్త్రీలకు సమానావకాశము కల్పించుట మంచిదే, దానికి మేము అడ్డుచెప్పము. దక్షిణకొరియా వీరుడు జిన్ జాంగ్-ఓ 2008, 2012, 2016లలో ఆ పోటీలో వరుసగా మూడు స్వర్ణములు గెలిచెను. తొలగించిన పిదప కూడ ప్రపంచ పోటీలలో అది నిలిచియే యున్నది. 2018లో కొరియాలోని చాంగ్వనున మన దేశపు ఓంప్రకాశ్ మిథర్వాల్ దానిలోనే స్వర్ణము పొందెను. తెలుగునేల పిల్లల ఘనత యెక్కువగా పొట్టి దూరములలో కనబడినది. చెన్నపట్టణమున పుట్టి హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండనులో 10 మీటర్ల గాలి రైఫిలుతో కాంస్యము తెచ్చెను. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణము, వ్యక్తిగత రజతము పొందినది. వారి నేర్పును తగ్గించు ఉద్దేశము మాకు లేదు. గోడల నడుమ కాల్చువానికి సాకు దొరకదు, అదియొక కఠినమైన పరీక్షయే. అయినను సాకు ఉన్నచోట దానిని వాడుకొనకుండుట వేరొక పరీక్ష. ఆ పరీక్ష పెట్టు పోటీ ఒకటి తగ్గినదని మాకు కొంచెము విచారము.

పాఠకమహాశయులు ఇంతవరకు ఓపికతో చదివినచో, మన సంఘపు సమావేశములలో ఏటేట వినబడు ఒక మాటను ఈ రెండు వరుసలలో పెట్టి చూడుడని కోరుచున్నాము. "మన పిల్లలకు తెలుగు చదువ రాదు" అనునది ఆ మాట. వెంటనే కారణము చెప్పబడును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడెను, మనము ఇవతల నిలిచిపోతిమి. అది గాలియే, పెద్ద గాలి. దానిని మేము కాదనము. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చెను. పాఠశాలలలో తమిళము తప్పనిసరి అయ్యెను. అదియు గాలియే. న్యాయస్థానములకు పోయినవారికి కొన్ని సంవత్సరములు మినహాయింపులు లభించినవి, పోరాడినవారికి మనము ఋణపడియున్నాము. ఉన్న రాష్ట్రపు భాషను పిల్లలు చక్కగా నేర్చుటలో తప్పును లేదు. మేము తమిళములోనే లెక్కలు నేర్చినవారము.

కాని ఒక్క సంగతి. ఆ చట్టము ఒకనాటి రాత్రి వచ్చి పదవ తరగతిపై పడలేదు. 2006-07లో ఒకటవ తరగతికి మొదలై ఏడాదికొక తరగతి చొప్పున మెట్లెక్కి 2015-16 నాటికి పదవ తరగతి చేరెను. అనగా పదేండ్లు జెండా మన కన్నుల యెదుట ఎగిరినది. ఆ పదేండ్లలో సాయంకాలము అరగంట పలక పట్టించిన యిండ్లు ఎన్ని? ఆదివారము అక్షరములు నేర్పెదమని ముందుకు వచ్చినవారి గదికి పిల్లలను పంపినవారు ఎందరు? మన వాకిటనే ఈ ప్రశ్న కఠినముగా వినబడునని తెలియును. అందరి జీవనస్థితి ఒకటి కాదు. రాత్రి 9 గంటలకు కొట్టు కట్టివచ్చు తండ్రిని పలక పట్టలేదని మేము అనలేము. అట్టివాని పద్దు నిజముగ గాలి ఖాతాలోనిదే. మేమనునది, ఫలము చూడకముందే ప్రతి యింటివారును తమలో తాము ఒకసారి షాటును "కాల్" చేసికొనవలెనని. పిల్లవానికి ఆరేండ్లు నిండిన నాడే, "ఈ యింట ఈ ఏడు మేము చేసినది ఇంత" అని ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొన్నచో, వానికి పదునారేండ్లు నిండిన నాడు ఎవరిని నిందించవలెనో వెదుకుకొను పని తప్పును.

మరల నోటుబుక్కు సంగతి. రెండవ ఏడున మా మనుమడు దానిలో మూడవ వరుస గీచెను. దానికి "తెలియదు" అని పేరు పెట్టెను. తాను పది అని చెప్పియు, జెండా కదలకయు, గుండు ఎనిమిదిలో పడిన సందర్భములకై. మాకది రుచింపలేదు. మా వృత్తిలో ఇట్టిదానిని అనామతు ఖాతా అందురు. కారణము తెలియని పైకమును తాత్కాలికముగ అందు పెట్టుదురు. బద్ధకస్తుడైన గుమాస్తా చేతిలో అది చెత్తకుండీ యగును. ఏడాది చివర దానిని ఖాళీ చేయనివానిని మా పెద్దగుమాస్తా గారు క్షమించెడువారు గారు. ఆ మాటయే వానితో చెప్పితిమి.

"తాతయ్యా, తెలియనిదాన్ని గాలికి రాస్తే గాలికి అన్యాయం, చేతికి రాస్తే చేతికి అన్యాయం. మరి ఎక్కడ రాయమంటావు?" అని వాడు అడిగెను.

వెదుకవలెను గాని విడువరాదంటిమి. వెదికితిమి కూడ. ఒక పద్దు తూటాల పెట్టెలో మారిన సరకు వలన అని తేలెను. ఇంకొకటి వెనుకటి మడమ ఎత్తుట వలన అని కోచ్ కనిపెట్టెను. ఒక దినము మబ్బు పట్టి వెలుతురు మారినది, అదియు ఒక కారణమేనని నిర్ణయించితిమి, ఐనను పూర్తిగ నమ్మకము లేక దానిని పెన్సిలుతో వ్రాసితిమి. క్రిందటి మార్చి నాటికి మూడవ వరుసలో ఇంకను నాలుగు పద్దులు మిగిలియున్నవి. వానిని కొట్టివేయవలెనని మేమును, ఉంచవలెనని వాడును ఇప్పటికిని వాదించుకొనుచునే యున్నాము.